బెలుం గుహను తెరిచిన చేతులు

బెలుం గుహలను ఎవరు కనుగొన్నారని పోటీ పరీక్షలకు చదివే పిల్లలను అడిగితే, రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884 అని తడుముకోకుండా చెబుతారు. మార్కు కూడా పడుతుంది. అయితే ఫుట్ రాసిపెట్టిన తర్వాత కూడా దాదాపు నూరేళ్లు ఆ గుహను పట్టించుకున్నవాళ్లు లేరు. అది చుట్టుపక్కల చెత్తంతా పారబోసే గుంతగా ఉన్న రోజులు కూడా గడిచాయి. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఏ ఇంటికి చుట్టాలు వచ్చినా, ఏ బడి పిల్లలు విహారయాత్రకు బయల్దేరినా గండికోటతో పాటు బెలుం పేరు వినబడుతుంది. చెత్తగుంత చూడదగ్గ గుహ ఎలా అయింది? ఆ పని ఎవరెవరు చేశారు? ఆ కథ మన ప్రాంతం వాళ్లకే సరిగా తెలియదు. ఒక్కరి పేరు, ఒక్క సంవత్సరం బట్టీ పట్టడంతో సరిపెట్టుకుంటున్నాం. బెలుంను కనుగొన్నది ఒక్కరు కాదు. పలువురు పలు కాలాల్లో, ఒకరి పని మీద ఇంకొకరు పని చేస్తూ దాన్ని మన ముందుకు తెచ్చారు.

మన ఊర్లు, మన రాళ్లు

బెలుం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా అది కర్నూలు జిల్లా. కాగితాల మీద ఏ జిల్లా అయినా, అది మనకు పక్క ఊరే. జమ్మలమడుగు దాటి కొలిమిగుండ్ల వైపు పోతుంటే దారి పొడుగునా నాపరాళ్ల గనులు, బండలు పేర్చిన లారీలు, నాపబండలు నిలబెట్టి కట్టిన చేల కంచెలు కనిపిస్తాయి. మన ఇళ్లలో పరిచేదీ, ఊరి బయట కడప బండలని పిలిచేదీ ఈ రాయే. బెలుం గుహ తొలిచి ఉన్నది కూడా ఇదే సున్నపురాయిలో.

భూగర్భ శాస్త్రం పుస్తకాలు తెరిచి చూస్తే మన ఊర్ల పేర్లే రాళ్ల పేర్లుగా కనిపిస్తాయి. వేంపల్లె పేరుతో ఒక పొర ఉంది. కోట్లాది ఏళ్ల కిందటి సముద్రంలో పెరిగిన సూక్ష్మజీవుల నాచు పరుపుల గుర్తులు ఆ రాళ్లలో నేటికీ ఉన్నాయి. దాని మీద పులివెందుల పేరున్న గట్టి ఇసుకరాయి పొర, ఆపైన తాడిపత్రి పొర, ఇంకా పైన గండికోట పొర. ఇవన్నీ కడప బేసిన్ రాళ్లు. వాటన్నిటి తర్వాత, వాటి మీద పరుచుకున్నవి కర్నూలు సమూహపు రాళ్లు. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ 1872లో ఈ కడప, కర్నూలు రాళ్ల గురించి పెద్ద గ్రంథం ప్రచురించారు. కర్నూలు రాళ్లను నాలుగు భాగాలు చేసి, అందులో ఒక దానికి ఆయన జమ్మలమడుగు పేరు పెట్టారు. నర్జి సున్నపురాయి ఆ భాగంలోదే. బెలుం గుహ ఉన్నది నర్జి సున్నపురాయిలోనే. అంటే పులివెందుల నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా బెలుంకు పోయే మనిషి, పాత రాళ్ల మీద బయల్దేరి కొత్త రాళ్ల మీదికి చేరుకుంటాడు. కొత్తవని అన్నా, అవి కూడా గవ్వలున్న జీవులు భూమ్మీద పుట్టకముందటివి. అందుకే నాపరాయిని ఎంత పగలగొట్టినా గవ్వగానీ చేప ఎముకగానీ దొరకదు.

గండికోటనూ బెలుంనూ ఒకే రోజు చూసేవాళ్లు ఒక విషయం గమనించాలి. రెండూ నీళ్లు చేసిన పనులే. గండికోట దగ్గర పెన్నకు అడ్డుపడింది గట్టి రాయి. అది నీళ్లలో కరగదు. అందుకని నది పైనుంచి కోసుకుంటూ, రాళ్లను విరిచి దొర్లించుకుంటూ లోయ చేసుకుంది. బెలుం దగ్గర ఉన్నది సున్నపురాయి. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి ఇంకి, సున్నాన్ని కరిగించి తనతో పట్టుకుపోతుంది. ఒక్క ఏడాదిలో జరిగే కరుగు కంటికి ఆనదు. లక్షల ఏళ్లు జరిగితే పగులు సందవుతుంది, సందు దారవుతుంది, దారులు కలిసి గదులవుతాయి.

ఇది రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో రాయి మొత్తం భూగర్భ జలంలో మునిగి ఉంటుంది. అన్ని పగుళ్లలోనూ నీరు నిండి ఉంటుంది కాబట్టి అన్నీ కలిసి పెరుగుతాయి. బెలుంలో దారులు చిక్కుముడిగా అన్ని దిక్కులకూ చీలిపోవడానికీ, గోడలు నున్నగా వంపులు తిరిగి ఉండడానికీ కారణం అదే. తర్వాత నదులు లోతుగా కోసుకుపోయే కొద్దీ నీటిమట్టం దిగుతుంది, దారులు ఖాళీ అవుతాయి. అప్పుడు రెండో దశ మొదలవుతుంది. పైకప్పు నుంచి చుక్కలుగా కారే నీరు గుహలోని గాలి తగలగానే వాయువును వదిలేస్తుంది. కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి ఊడల్లా రాళ్లు వేలాడతాయి, కింద చుక్క పడిన చోట రాయి లేస్తుంది, రెండూ కలిస్తే స్తంభమవుతుంది. ఇలాంటి రాయి సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుంది. బెత్తెడు పెరగాలంటే వందల ఏళ్లు పట్టాలి.

ఊరికి తెలిసిన గవి

బొర్రా గుహలు అనంతగిరి కొండల్లో ఉన్నాయి. యాగంటి, అహోబిలం గవులు కూడా కొండల్లోవే. కొండను చూస్తే అందులో గవి ఉంటుందేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. బెలుం అలా కాదు. చుట్టూ చదునైన చేలు. వాటి మధ్యన బావుల్లాంటి మూడు గుంతలు. మధ్య గుంతే అసలు ద్వారం. దాంట్లో నుంచి దాదాపు 20 మీటర్లు కిందికి దిగితే గానీ గుహ దారులు మొదలు కావు. కొత్తవాళ్లు పక్కనే నడిచిపోయినా లోపల ఇంత ఉందని తెలిసే వీలు లేదు.

ఊరివాళ్లకు మాత్రం గుహ సంగతి కొత్త కాదు. బౌద్ధులూ జైనులూ ఇక్కడ ధ్యానం చేసుకునేవారని చెబుతారు. బౌద్ధ కాలపు అవశేషాలు కొన్ని దొరికాయి కూడా. వాటిని అనంతపురం మ్యూజియంలో భద్రపరిచారు. ద్వారానికి దగ్గర్లోనే ధ్యాన మందిరమనే చోటు ఉంది. రాతిలో తలగడతో సహా పడక పరిచినట్టు కనిపిస్తుంది.

గవుల్లో తలదాచుకోవడం మన సీమకు చాలా పాత అలవాటు. బేతంచెర్ల ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవి అని ఒకటి ఉంది. పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి 1970లలో అక్కడ తవ్వించి, పాత రాతియుగపు చివరి దశలో మనుషులు నిప్పు రాజేసుకున్న ఆనవాళ్లను బయటపెట్టారు. కాబట్టి ఈ ప్రాంతపు గవుల్లోకి మొదట అడుగుపెట్టింది ఎవరని అడిగితే, వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. పేరు లేనంత మాత్రాన వాళ్లు చూడలేదని కాదు.

ఎముకల కోసం వచ్చిన దొర

కర్నూలు గవులు బయటి ప్రపంచానికి తెలియడం టి.జె. న్యూబోల్డ్ అనే సైనికాధికారితో మొదలైంది. బేతంచెర్ల దగ్గరున్న బిల్లసర్గం గవుల్లో పాత జంతువుల ఎముకలు దొరుకుతున్నాయని ఆయన 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశారు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లండులో జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్లీ ఈ గవులను తవ్వి చూస్తే బాగుంటుందని మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కు సూచించారు. ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ చేతికి వచ్చింది.

ఫుట్ సామాన్యుడు కాదు. 1858లో భూగర్భ సర్వే సంస్థలో చేరి, దక్షిణ భారతమంతా కాలినడకన, గుర్రం మీద తిరిగిన మనిషి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించి, మన దేశంలోనూ పాత రాతియుగపు మనిషి బతికాడని రుజువు చేసింది ఆయనే. 1884లో బిల్లసర్గం మీదా, కర్నూలు ప్రాంతంలోని మిగతా గవుల మీదా ఆయన వివరాలు ప్రచురించారు. బెలుం గుహ శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది ఆ సంవత్సరంలోనే.

అయితే ఆయన వెతుకుతున్నది ఎముకలను. తవ్వకాలు బిల్లసర్గంలో సాగాయి. ఆయన కొడుకు హెన్రీ ఫుట్ అక్కడ పని నడిపించారు. దొరికిన ఎముకలను రిచర్డ్ లైడెక్కర్ పరిశీలించి 1886లో కర్నూలు గవుల జంతుజాలమని ప్రత్యేకంగా గ్రంథమే వెలువరించారు. ఒకప్పుడు ఈ గడ్డ మీద ఖడ్గమృగాలు తిరిగాయని మనకు తెలిసింది ఆ పని వల్లే. ఈ సందడిలో బెలుం పక్కకు పోయింది. దాని గొప్ప ఎముకల్లో లేదు, దాని పొడవులో ఉంది. ఎముకల వేటలో ఉన్నవాళ్లు అంత చిక్కుదారుల్లోకి దిగి కొలిచే పని పెట్టుకోలేదు.

కొలతబద్ద పట్టుకొని దిగినవాళ్లు

దాదాపు నూరేళ్ల తర్వాత, 1982, 1983లలో, జర్మనీ నుంచి గుహ పరిశోధకుల బృందం ఒకటి బెలుంకు వచ్చింది. దాని నాయకుడు హెర్బర్ట్ డేనియల్ గెబావర్. భారతదేశంలో, నేపాల్‌లో ఉన్న గుహలన్నిటి వివరాలనూ పాత రికార్డుల నుంచి ఏరి పుస్తకంగా కూర్చినవాడు. ఫుట్ రాతలను చదివి, ఆ చోట్లను వెతుక్కుంటూ వచ్చినవాడు.

గుహను కొలవడం ఎలాగో తెలిస్తే ఆ పని విలువ తెలుస్తుంది. ఉపగ్రహ సంకేతాలు రాతి కిందికి రావు. ఆ కాలంలో గుహ పరిశోధకుల చేతిలో ఉన్నవి కొలత టేపు, దిక్సూచి, వాలు కొలిచే చిన్న పరికరం, నోటుపుస్తకం. ఒకరు దీపం పట్టుకొని ముందుకు పోయి కంటికి ఆనే చివరి చోట నిలబడతారు. వెనకున్నవాళ్లు ఇద్దరి మధ్య దూరం, దిక్కు, వాలు కొలుస్తారు. మూడూ రాసుకొని, గోడల వెడల్పూ పైకప్పు ఎత్తూ గుర్తేసుకొని, మళ్లీ ముందుకు జరుగుతారు. దారి చీలిన ప్రతిచోటా ఒక్కో పాయలోకి వెళ్లి చివరంటా చూసి వెనక్కి రావాలి. కొన్ని చోట్ల బురదలో బోర్లా పడుకొని పాకాలి. ఇలా వందల సార్లు చేసిన కొలతలను కాగితం మీద కలిపితే గుహ పటం తయారవుతుంది.

ఆ పటాలు గీసే పని వల్లే బెలుం ఎంత పెద్దదో ప్రపంచానికి తెలిసింది. నేడు లెక్కలోకి తీసుకుంటున్న పొడవు 3,229 మీటర్లు. ద్వారం మట్టం నుంచి అన్నిటికన్నా లోతైన చోటు 46 మీటర్లు. మేఘాలయలో ఇంతకన్నా పొడవైన గుహలు ఉన్నాయి గానీ, భారత ఉపఖండంలో మైదాన ప్రాంతపు గుహల్లో బెలుందే పెద్ద పొడవు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఒకటుంది. జర్మన్ బృందం ఒంటరిగా దిగలేదు. బెలుం, దాని చుట్టుపక్కల ఊర్లవాళ్లు వాళ్లకు తోడుగా నిలిచారు. ఏ గుంతలోంచి దిగాలో, ఏ సందులో నీళ్లు నిలుస్తాయో, ఏ దారి మూసుకుపోతుందో పుట్టి పెరిగినవాళ్లకే తెలుస్తుంది. వాళ్ల సాయం లేకుండా ఆ పటం పూర్తయ్యేది కాదు.

ప్రపంచంలో పేరున్న గుహల చరిత్రల్లోనూ ఇలాగే జరిగింది. స్లొవేనియాలోని పోస్టోయ్నా గుహను ఏటా లక్షల మంది చూస్తారు. 1818లో ఆస్ట్రియా చక్రవర్తి రాక కోసం దీపాలు అమర్చే పనిలో ఉన్న లూకా చెచ్ అనే స్థానికుడు లోపలి పెద్ద భాగాన్ని కనుగొన్నాడు. మరుసటి ఏడాదే దాన్ని జనానికి తెరిచారు. దీపాలు అమర్చేవాడు కనుగొన్న గుహ దేశానికి పేరు తెచ్చింది. బెలుంలోనూ ఊరివాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు.

చెత్తను ఆపడం

పటం వచ్చిన తర్వాత కూడా గుహ బాగుపడలేదు. పైన నోరు తెరుచుకున్న గుంత కనబడితే మనవాళ్లు చేసే పని ఏమిటో అందరికీ తెలుసు. చుట్టుపక్కల చెత్త అందులో చేరుతూ వచ్చింది. 1988 దాకా ఈ పరిస్థితే. సున్నపురాతి గుహలో చెత్త వేయడం మామూలు గుంతలో వేయడం కంటే ఎక్కువ నష్టం. మట్టి ఉన్న చోట నీరు వడకట్టుకొని దిగుతుంది. సున్నపురాతి పగుళ్లలో ఆ వడపోత ఉండదు. గుంతలో వేసిన మురికి నేరుగా భూగర్భ జలంలోకి పోతుంది.

దాన్ని ఆపాలని పూనుకున్నది పైనుంచి వచ్చిన ప్రభుత్వ పథకం కాదు. పోలీసు శాఖలో అదనపు ఎస్పీగా పదవీ విరమణ చేసిన ఎం. నారాయణరెడ్డి, బెలుం చుట్టుపక్కల ఊర్ల పెద్దలు, అప్పటి స్థానిక పోలీసులు కలిసి చెత్త వేయకుండా అడ్డుకున్నారు. ఇది కాపాడుకోవలసిన చోటని ప్రభుత్వానికి చెప్పుకుంటూ తిరిగారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఊరివాళ్ల ప్రయత్నం మొదటి నుంచి చివరిదాకా లెక్కేస్తే దాదాపు రెండు దశాబ్దాలు. ఆ పట్టుదల లేకపోతే ఫుట్ రాతలూ గెబావర్ పటాలూ గ్రంథాలయాల్లోనే ఉండిపోయేవి. గుహ నిండిపోయేది.

ఈ కథలో అన్నిటికన్నా గొప్ప పని ఇదేనని నా నమ్మకం. శాస్త్రవేత్తకు పుస్తకంలో పేరు ఉంటుంది, యాత్రికుడికి ఫొటో మిగులుతుంది. చెత్త పోయవద్దని ఊళ్లో నలుగురితో తగువు పెట్టుకున్నవాడికి అలాంటిదేమీ మిగలదు. అయినా వాళ్లు ఆ పని చేశారు.

వెలుగు, గాలి, దారి

1999లో ఆంధ్రప్రదేశ్ పర్యాటక అభివృద్ధి సంస్థ గుహ బాధ్యత తీసుకుంది. అప్పుడు అసలు ఇంజనీరింగ్ పని మొదలైంది. లోపలి దారుల్లో నడవడానికి బాట, దిగడానికి మెట్లు, అడ్డుపడే చోట్ల చిన్న వంతెనలు, గోడల వెంట దీపాలు ఏర్పాటు చేశారు.

వీటన్నిటిలో కష్టమైనది గాలి. బయట నలభై రెండు డిగ్రీల ఎండ కాస్తుంటే గుహలో చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. దిగిన పావుగంటకే చెమటలు కారి ఆశ్చర్యపోతారు. దానికి కారణం ఉంది. భూమి లోపలి గుహ, బయటి వాతావరణంలోని ఏడాది సగటు వేడిమిని పట్టుకొని ఉంటుంది. పోస్టోయ్నాలో ఆ సగటు పది డిగ్రీలు, కాబట్టి అక్కడ ఎండాకాలంలో కూడా చలికోటు వేసుకొని దిగుతారు. మన ప్రాంతపు సగటు ముప్పైకి కాస్త తక్కువ. అందుకు తోడు లోపల గాలిలో తేమ నిండుగా ఉంటుంది, చెమట ఆరదు. గాలి కదలదు. వందల మంది ఒకేసారి దిగి ఊపిరి పీల్చి వదిలితే ఆ చోటు ఇంకా ఉక్కపోస్తుంది. అందుకే పైనుంచి లోపలికి గాలి పంపే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ గాలి లేకపోతే బెలుం పరిశోధకుల గుహగానే ఉండేది, పిల్లలూ పెద్దలూ దిగే గుహ అయ్యేది కాదు.

2002 ఫిబ్రవరిలో బెలుం యాత్రికుల గుహగా తయారైంది. ఫుట్ బెలుం సంగతి రాసిన 1884లోనే పోస్టోయ్నాలో విద్యుత్ దీపాలు వెలిగాయి. ఆ వెలుగు మన గుహలోకి రావడానికి మరో 118 ఏళ్లు పట్టింది. ఇప్పుడు యాత్రికులు నడవగలిగేది మొత్తం పొడవులో ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్ల దాకా. మిగతాది ఇరుకు దారులు, చీకటి.

లోపలి చోట్లకు పెట్టిన పేర్లు మన పేర్లే. రాళ్లు సహజంగా కమానులా ఏర్పడిన చోటు సింహద్వారం. పైనుంచి వేలాడే రాళ్లు శివలింగాల్లా కనబడే గది కోటిలింగాలు, అక్కడ పైరాయీ కిందరాయీ కలిసి పెద్ద స్తంభమైంది. పాము పడగల్లా రాళ్లు వంగి ఉన్న చోటు వేయి పడగలు. ఊడలు దిగిన మర్రిచెట్టును తలపించే స్తంభం ఉన్నది మర్రిచెట్టు గది. విశాలంగా ఉండి స్తంభాలు నిలిచిన చోటు మండపం. అన్నిటికన్నా లోతున పాతాళగంగ ఉంది. ఏడాది పొడుగునా పారే చిన్న నీటిపాయ అక్కడ కాసేపు కనిపించి మళ్లీ రాతి కిందికి పోతుంది. ఆ నీరు బెలుం ఊరి బావిలో తేలుతుందని స్థానికుల నమ్మకం. సప్తస్వరాల గుహలో రాళ్లను తడితే లోహం మోగినట్టు మోగుతాయి. ఆ భాగాన్ని 2006లో జనానికి తెరిచారు.

తెరవడంతోనే మొదలయ్యే బాధ్యత

గుహను తెరవడంలో ఒక చిక్కు ఉంది. చీకటిలో, మనిషి ఊపిరి తగలకుండా ఏర్పడిన చోటు అది. దాంట్లోకి వెలుగునూ జనాన్నీ పంపిన రోజు నుంచే దానికి హాని మొదలవుతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ అందరికీ పాఠం. వేల ఏళ్ల కిందటి చిత్రాలున్న ఆ గుహ 1940లో బయటపడింది. 1948లో యాత్రికులకు తెరిచారు. వాళ్ల ఊపిరికీ వేడికీ తేమకూ గోడల మీద నాచు పట్టింది, చిత్రాలు పాడవసాగాయి. 1963లో మూసేశారు. ఇప్పుడు జనం చూసేది పక్కన కట్టిన నకలును.

బెలుంకు కూడా ఈ ప్రమాదాలు వర్తిస్తాయి. దీపాల దగ్గర రాయి పచ్చబడుతుంటే అది అందం కాదు, వెలుగు తగిలి పెరిగిన నాచు. అది రాయిని మెల్లగా తింటుంది. ప్రపంచంలోని యాత్రికుల గుహలన్నిటికీ ఇదొక తలనొప్పి. అవసరమైనప్పుడే వెలిగే, వేడి తక్కువ ఇచ్చే దీపాలు వాడితే దీన్ని అదుపులో ఉంచవచ్చు. చేతి జిడ్డు తగిలిన చోట నీరు రాతికి అంటుకోదు, ఆ రాయి పెరుగుదల ఆగిపోతుంది. సప్తస్వరాల గుహలో రాయి మోగుతుంది కదా అని వచ్చిన ప్రతివాళ్లూ కొట్టడం మొదలుపెడితే, ఎన్ని వేల ఏళ్లకో ఏర్పడిన రాయి విరగడానికి ఒక్క దెబ్బ చాలు. గైడు మెల్లగా తట్టి వినిపిస్తే చాలు, మనం వింటే చాలు.

పైనున్న నేల సంగతి కూడా ఆలోచించాలి. సున్నపురాయే ఈ ప్రాంతానికి కూడు పెడుతోంది. బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా నాపరాతి గనుల మీద, సిమెంటు మీద బతికే కుటుంబాలు వేలాది. వాళ్ల బతుకును కాదనడానికి లేదు. అయితే అదే రాయిలో గుహ కూడా ఉంది. గుహకు ఎంత దూరంలో మందుగుండు పేల్చవచ్చు, ఎంత లోతు తవ్వవచ్చు, ఎక్కడ నీరు తోడవచ్చు అన్నది శాస్త్రవేత్తలు కొలిచి చెప్పాలి. ఆ హద్దులను అందరూ పాటించాలి. గుహ అంటే పైనున్న గుంత, కిందున్న గదులు మాత్రమే కాదు. దాంట్లోకి నీరు చేర్చే చుట్టుపక్కల నేలంతా గుహలో భాగమే. ఆ నేల మీద మురికి వేస్తే పాతాళగంగలో తేలుతుంది.

మన వంతు

గండికోటతో కలిపి బెలుం చూసి రావడానికి మన ఊర్ల నుంచి ఒక్క రోజు చాలు. ప్రొద్దుటూరు వాళ్లు జమ్మలమడుగు మీదుగా, పులివెందుల వాళ్లు ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా పోవచ్చు. పొద్దున్నే బయల్దేరితే మంచిది. పలచని నూలు బట్టలు, జారని చెప్పులు వేసుకోండి, నీళ్లు తీసుకెళ్లండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు లోపలి ఉక్కనూ మెట్లనూ దృష్టిలో పెట్టుకొని ఎంతదాకా నడవాలో ముందే నిర్ణయించుకోండి. పిల్లల చేయి వదలకండి. దారి తప్పిపోయే గుహ అది.

బడుల పంతుళ్లకు ఒక విన్నపం. పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఫొటోలు దిగి వచ్చేయకుండా, దారిలోనే నాపరాయి చూపించి రాయి కథ చెప్పండి. గండికోటలో రాయి ఎందుకు విరిగిందో, బెలుంలో ఎందుకు కరిగిందో వాళ్లనే అడగండి. తమ ఊరి పేరు ఒక రాతిపొరకు ఉందని తెలిస్తే పులివెందుల పిల్లవాడూ జమ్మలమడుగు పిల్లా ఆ పాఠాన్ని మరిచిపోరు. ఇంకో పని కూడా చేయించవచ్చు. జర్మన్ బృందానికి తోడు వెళ్లినవాళ్లను, చెత్తను ఆపినవాళ్లను ఎరిగిన పెద్దలు ఆ ఊర్లలో ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చొని ఆ జ్ఞాపకాలను రాయించండి, వాళ్ల మాటలను రికార్డు చేయించండి. ఫుట్ రాతలను భూగర్భ సర్వే సంస్థ అచ్చేసి దాచింది. గెబావర్ పనికి పటాల సాక్ష్యం ఉంది. మనవాళ్ల పనిని దాచవలసింది మనమే.

వెళ్లండి, కళ్లారా చూడండి. రాయిని తాకకండి, గోడ మీద పేరు చెక్కకండి, నీళ్ల సీసా అయినా లోపల వదలకండి. బెలుం చెత్తగుంత కాకుండా ఆపడానికి ఒక తరం ఇరవై ఏళ్లు కష్టపడింది. దాన్ని మళ్లీ చెత్తగుంత కానివ్వకుండా చూడటం మన తరం బాధ్యత.